ఎండుచేపల దండ

సుభద్రమ్మకు చేపలు అమ్మడమంటే పెళ్లిచూపులకు కూర్చున్నట్టే. మొప్పలు ఎత్తి చూస్తుంది, కన్ను నొక్కి చూస్తుంది, వాసన చూస్తుంది, చివరికి పక్కామె బుట్టలోది బాగుందంటుంది. వాళ్లకు లారీలున్నాయి, పొలాలున్నాయి, కావలసినంత తీరిక కూడా ఉంది. సండూరు బస్టాండు పక్కన పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను కాబట్టి నాకు ఓపిక ఉంది, అంతకు మించి నోరుంది. ఆ రోజు మాత్రం ఆమె మాటే నిజమైంది.

"ఏం సౌభాగ్యా, ఇది చాపనా, సంగటి ముద్దనా? యాడ పట్టుకున్నా మెత్తగా పోతాండాదే."

అప్పటికే నేను ఆ రెండు కేజీల కట్లా పొట్ట కోసేశాను. లోపలంతా నల్లటి నెత్తురు గడ్డకట్టి ఉంది. గాలితిత్తి పగిలి పీలికలైంది. వెన్నెముక వెంట వేలు పోనిస్తే రెండుచోట్ల విరిగి తగిలింది. వలలో పడ్డ చేపకు మొప్పల దగ్గర దారం గీత ఉంటుంది, వెన్నెముక కర్రలా ఉంటుంది. ఇలా చచ్చే చేప ఒక్కటే రకంగా చస్తుంది. నీళ్లలో జిలెటిన్ పేల్చాలి.

"చెడిపోయిండాదక్కా. ఇది బేడ, వద్దు నీకు. రేపు తాజాది తెచ్చిస్తా" అన్నాను.

"మూడు దినాల నుంచి ముసురు పట్టింటే చాప ఎట్ల చెడతాదే?" అని గొణుక్కుంటూ ఆమె పక్క బుట్టకు పోయింది. నేను మరో చేప కోశాను. ఇంకొకటి కోశాను. అన్నీ అంతే. ఆ బుట్ట మొత్తం, నిన్న పొద్దున చెరువుకు పోయిన మా ఆయన తెల్లవారుజామున తన పుట్టిలోంచి, ఆ గుండ్రటి బుట్టపడవలోంచి, దించినది.

మాది బొమ్మకెరె. సండూరు కొండల కింద నలభై ఇళ్లు, ఒక చెరువు. వానొస్తే కొండమీది గనుల ఎర్రమన్ను కొట్టుకొచ్చి చెరువు నీళ్లు టీ రంగులో ఉంటాయి. ఆ నీళ్లలోనే పుట్టి వేసి, వల వేసి బతుకుతాం. కొండమీద రోజూ పన్నెండు గంటలకు సైరన్ కూస్తుంది, తర్వాత రాయి పేలుస్తారు. చెరువులో దొంగతనంగా మందు పెట్టేవాడు సరిగ్గా ఆ గడియే చూసుకుంటాడు. ఆ పేలుళ్లలో ఇదొకటి కలిసిపోతుంది, ఒడ్డున ఉన్నవాళ్లకు తేడా తెలియదు. పిల్లచేప, గుడ్ల చేప అన్న భేదం లేకుండా అన్నీ పోతాయి. పైకి తేలినవి కొన్ని ఏరుకుంటారు, అడుక్కు పోయిన మిగతావన్నీ కుళ్లిపోతాయి.

పోయిన ఏడు ఈరేశ్ అనే మా పిల్లవాడు, అంటే నాకు మరిది వరస, అలా మందు పెట్టబోయి కుడిచెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకున్నాడు. జిలెటిన్ ఒట్టి బంకమన్నులాంటిదని, దాన్ని పేల్చే క్యాపే అసలు పామని మా ఊళ్లో అందరికీ తెలుసు. వేలెడంత సన్నని గొట్టం, దానికి రెండు తీగెలు. అది అతని చేతిలోనే పేలింది. ఎవరిచ్చారని ఎంతమంది అడిగినా అతను పలకలేదు.

తర్వాత మత్స్యకారుల సంఘం కూర్చుంది. మందు పెట్టినవాడి పుట్టిని నిలువునా కోసేయాలని, పోలీసులకు అప్పజెప్పాలని తీర్మానం పెట్టింది నేనే. అందరికంటే గట్టిగా అరిచిందీ నేనే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడు ఒక్కడైనా దొరక్కపోతాడా అని సభంతా కలియజూశాను. నా పక్కనే కూర్చున్నవాడి భుజాల వైపు మాత్రం చూడలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి ఏం చేయాలో తెలియక, చేపలన్నీ చెత్తబండిలో పారబోసి, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడవునా అతన్ని తిట్టుకున్నాను. మధ్యలో ఈరేశ్ మొండి చెయ్యి గుర్తొచ్చి, ఆ చెయ్యి స్థానంలో మా ఆయన చెయ్యి కనిపించి, తిట్లు మరిచిపోయాను. నాకు భయమేసింది. ఇవాళ మళ్లీ పోయి ఉంటాడా? పన్నెండుకు ముందే ఇల్లు చేరాలి. డ్రైవరేమో చెయ్యెత్తిన ప్రతివాడికీ బండి ఆపుతున్నాడు.

ఇల్లు చేరేసరికి పదకొండున్నర దాటింది. మా అత్త ఉరుకుందమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కాలుస్తోంది. కళ్లలో పొరలొచ్చి రెండేళ్లయింది, అయినా వంటిల్లు నాకు వదలదు. పెనం కింద జాలితుమ్మ కట్టెలు భగభగ మండుతున్నాయి.

"అత్తా, యాడ నీ కొడుకు?"

"పుట్టెత్తుకుని చెరువుకు పాయ. పొద్దున్నుంచి ఇల్లంతా ఎలక మాదిరి తవ్వినాడు. ఏందిరా అంటే చెప్పడు. ఒడ్డున పడిపోయిందేమో చూసొస్తా అన్యాడు."

"ఏం పడిపోయింది?"

"నాకేం తెలుసు? వాని సంచీలోది ఏందో."

సంచీ కోసం చూశాను. వల సంచీ గోడకు తలకిందులుగా వేలాడుతోంది, ఖాళీగా.

"సంచీలోవి ఎవురు తీసినారు?"

"నేనే తీసినా. తడిసి ముద్దయింటే అట్లనే పెడతారా? దారం, ఉప్పు పొట్లం, తీగెలు అన్నీ ఆరబెట్టినా."

"యాడ?"

మా అత్త నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "యాడేంది మే? తడివి యాడ ఆరబెడతారు?"

నిజమే, అడగాల్సిన ప్రశ్న కాదు. ముసురు పట్టిందంటే చెరువు నుంచి తడిసి వచ్చిన ప్రతిదీ మా ఇళ్లలో ఒక్కచోటికే పోతుంది. పొయ్యికి మూరెడు పైన వెదురు తడిక కట్టి ఉంటుంది. చేపలు దానిమీదే ఎండుతాయి, బీడీలూ అగ్గిపెట్టెలూ కూడా దానిమీదే. మా మామ బతికున్నప్పుడు ఆధార్ కార్డు తడిస్తే అక్కడే పెట్టాడు.

తలెత్తి చూశాను. పొగలో చిన్న చేపలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన దారం ఉండ. ఆ దారం పక్కన, తెల్లటి గొట్టాలు రెండు, వాటి తీగెలు తడిక సందుల్లోంచి మంట వైపు వేలాడుతూ.

 నీళ్లు పోద్దామనుకున్నాను, నిప్పులు చిట్లి పైకి లేస్తాయని ఆగాను. కట్టెలు లాగుదామనుకున్నాను, లాగితే రవ్వలెగురుతాయి. అరిస్తే ముసలామె ఉలిక్కిపడి తడికనే పట్టుకుంటుంది, లేచినప్పుడల్లా ఆమెకు ఆసరా అదే.

"అత్తా, బయట ఎవురో పిలుస్తాండారు నిన్ను."

"పిలిస్తే లోపలికి రమ్మను. రొట్టె పెనం మీదుండాది."

"రొట్టె నేను చూసుకుంటా. నువ్వు పో."

"నువ్వు చూసుకుంటే మాడుస్తావు."

నా జన్మలో ఎవరినీ అంత మెల్లగా బతిమాలలేదు. చెయ్యి పట్టుకుని, తడిక వైపు పోనీకుండా అడ్డంగా నిలబడి, పసిబిడ్డను నడిపించినట్టు గడప దాటించాను. తర్వాత తొట్టిలో నానిన గోనెసంచీ తెచ్చి మంటమీద మెల్లగా కప్పాను. పొగ కమ్మింది. కళ్లు మంటలెత్తుతుంటే ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గొట్టాన్నీ తీగెలతో సహా ఎత్తాను. వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది.

తడిగుడ్డ పరిచిన చేపల బుట్టలో వాటిని పెట్టి, ఇళ్లకు దూరంగా జాలిచెట్ల వెనక దించి వచ్చాను. అప్పుడు గానీ ఏడుపు రాలేదు. గోడకు ఆనుకుని ఏడుస్తుంటే మా అత్త కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"ఏమాయ మే? తీగెలు ఎత్తుకపోయినావా? మూడింట్లో రెండే మిగిలిండె, అవి కూడా తీసినావా?"

ఏడుపు ఆగిపోయింది.

"మూడోది యాడ అత్తా?"

"దండకు పెట్టినా. ఈ వారం ఈరేశుకు పాలు పంపే వంతు మనదే కదా."

నీళ్లలో దిగలేని మనిషి ఇంటికి వారానికో దండ చేపలు పోవాలన్నది మా వాడుక. పుట్టి బోల్తాపడి కాలు పోయినవాడు కావచ్చు, చూపు పోయిన ముసలివాడు కావచ్చు, గంగమ్మ పాలు, అంటే గంగమ్మ వాటా, అని ఇంటికొక వారం వంతున పంపుతాం. ముసురులో పచ్చివి నిలవవు కాబట్టి ఎండువి, కంట్లోంచి దారం పోనిచ్చి గుచ్చి, దండలా కట్టి ఇస్తాం. ఏడాదిగా ఈరేశ్ ఇంటికి అలాగే పోతున్నాయి.

"దారం తడిసింటే ఆ తీగె తీసుకున్యా" అంది మా అత్త, తన తెలివికి తనే మురిసిపోతూ. "ఎంత బాగుండాది మే ఆ తీగె! కొసన గట్టిగా గొట్టం ఉండాది, సూది అక్కరే ల్యాకపాయ. కండ్లు కనపడకపోయినా జరజరా గుచ్చేసినా. పొద్దున్నే పోయి ఇచ్చొచ్చినా."

ఈరేశ్ పెండ్లాం దోణిమలై గని క్వార్టర్సులో ఇంటిపనికి పోతుంది. పగలు వంట అతనిదే. మూడేళ్ల పాపకు ఎండుచేపలంటే ప్రాణం, నిప్పుల మీద కాల్చి పెడతాడు. ఫోన్ చేశాను. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

చెరువు కట్టమీదుగా పరుగెత్తాను. వాళ్లిల్లు ఊరి చివర, నీళ్లకు దగ్గరగా ఉంటుంది. ఎర్రమట్టి బురదలో చెప్పులు ఇరుక్కుంటే వదిలేశాను. పరుగెత్తుతూ గంగమ్మకు మొక్కాను, ఎల్లమ్మకు మొక్కాను. ఈ ఒక్కసారికి తప్పించండి, ఈ సంగతి నా కడుపులోనే దాచుకుంటాను, వాణ్ణి నేనే దారికి తెచ్చుకుంటాను, ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాను. అబద్ధమెందుకు, అలాగే అనుకున్నాను.

సగం కట్ట దాటాక కొండమీద సైరన్ కూసింది. అది రోజూ వినేదే. నేను ఆగలేదు. సైరన్ ఆగింది. మరో పది అడుగులు వేశానో లేదో, ధన్ మని పేలింది.

నేలమీద కూలబడ్డాను. చెవులు మూసుకుని కూర్చున్నాను. కొండమీదిదా, ఈరేశ్ ఇంట్లోదా? పుట్టినప్పటినుంచీ ఆ శబ్దం వింటున్న నాకు తేడా తెలియలేదు. రెండోది పేలింది, మూడోది పేలింది. అవి కొండవేనని అప్పుడు అర్థమైంది. మొదటిది కూడా కొండదేనని ఎవరు చెప్పాలి? లేచాను గానీ పరుగెత్తలేకపోయాను. వాళ్లింటి వైపు చూడటానికి ధైర్యం చాలక నేల చూస్తూ నడిచాను.

ఇల్లు నిలబడే ఉంది. ఇంటి ముందు, ముప్పై అడుగుల దూరంలో, చెరువు ఒడ్డు రాయిమీద ఈరేశ్ కూర్చుని ఉన్నాడు. పాప అతని ఒళ్లో, ముఖం అతని ఎదకు అదిమి ఉంది. పాప ఒక చెవిని ఎడమ అరచేత్తో మూశాడు. రెండో చెవిని మొండి మణికట్టుతో మూశాడు. ఇంటికీ అతనికీ మధ్య ఇసుకలో చేపల దండ పడుంది.

"దగ్గరికి రావద్దు వదినా" అన్నాడు.

"ఎంతసేపైంది ఇట్ల కూసోని?"

"తెలీదు. లెయ్యడానికి కాలేదు నాకు.  ఫోన్ లోపలుండాది, మోగుతాంటే వినపడె."

చుట్టూ తిరిగి అతని పక్కకు పోయాను. పాపను ఎత్తుకోబోతే అతను వదల్లేదు. అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నిప్పులు చేసిపెట్టినా" అన్నాడు, నా వైపు చూడకుండా. "కాల్చి పాపకు పెడదామని దండ తీసినా. ఒంటి చెయ్యి కదా వదినా, ముడి ఊడదీయల్లంటే పండ్లతోనే. కొస నోట్లో పెట్టుకుని కొరికినా. చల్లగా తగిలె. దారం ఇంత చల్లగా ఉండదే అనుకున్యా."

పళ్లతో.  కొంచెం గట్టిగా కొరికి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. పాపకు తెలియదు, "ఆకలి" అంటోంది.

"అత్తకు తెలీదు ఈరేశా. కండ్లు కనపడక గుచ్చింది."

"అవ్వకు తెలీదని నాకు తెలుసు. ఓబులేషన్నది కదా."

మా ఆయన పేరు అతని నోట అంత మామూలుగా రావడం చూసి బెదిరిపోయాను. "నీకెట్ల తెలుసు?"

 చెరువులో నీటికోడి ఒకటి మునిగి, ఎక్కడో దూరంగా తేలింది.

"పోయినేడు నాకిచ్చింది అన్ననే" అన్నాడు. "పుట్టిలో ఇద్దరుమే ఉంటిమి. నేను ఆస్పత్రిలో చెప్పలా. పోలీసులకు చెప్పలా. సంఘంలో నువ్వు నా మొగం మీద వేలు పెట్టి ఎవురురా అని అరిస్తివి, అప్పుడూ చెప్పలా. పోయిన చెయ్యి ఎట్లా రాదు, అన్న సంసారం యాల పాడుచెయ్యల్ల అనుకుంటి." పాప తలమీద చెయ్యి ఆడించాడు. "ఆ పొద్దు చెప్పింటే ఇది ఈడికి రాకపోతుండె."

 ఏడాదిగా ఆ చెయ్యి చూసి అయ్యో అంటూ వచ్చాను. అతన్ని నానా మాటలన్న ఇంటినుంచే అతనికి చేపలు పోయాయి. అతని పాదాలు పట్టుకోవాలనిపించింది. సిగ్గుతో ఆ పని కూడా చేయలేక అక్కడే చతికిలబడ్డాను.

"వదినా, నువ్వు చెప్పద్దంటే ఇప్పుడు కూడా చెప్పను" అన్నాడు ఈరేశ్. "పాప మీద ఒట్టు."

కట్టమీద నేను మొక్కిన మొక్కు అదే కదా. దేవత నోటితోనే వరం ఇచ్చినట్టు అతను ఇచ్చేశాడు. క్యాపులు ఎక్కడైనా పూడ్చేయొచ్చు. మా ఆయన కాళ్లు పట్టుకుంటాడు, ఏడుస్తాడు, ఇంకెప్పుడూ చేయనంటాడు. నేను నమ్ముతాను. నమ్మడం నాకు చేతకానిదేం కాదు, పన్నెండేళ్లుగా చేస్తున్నదే. ఇంకో ముసురుకు ఇంకో క్యాపు ఇంకొకరింటికి పోతుంది. తడిక అన్ని ఇళ్లలోనూ ఉంది.

చెప్తేనో? పుట్టి కోసేస్తారు. జైలు. మా అత్త ఏడుపు. బస్టాండులో నన్ను చూసి జనం నవ్వే నవ్వు. రాత్రిళ్లు ఒక్కదాన్నే. ఇటు చూసినా భయమే, అటు చూసినా భయమే.

అప్పుడు కట్ట దిగుతూ పుట్టి వచ్చింది. నెత్తిన బోర్లించుకుని మోసేటప్పుడు మా వాళ్ల ముఖాలు కనిపించవు, నడుం దాకా బుట్ట, కింద రెండు కాళ్లు. లోపలున్నవాడికీ తన కాళ్ల ముందు నేల తప్ప ఏమీ కనిపించదు. ఆ కాళ్లు నాకు తెలుసు. ఎడమ మడమ మీద తెడ్డు కోసిన మచ్చ ఉంది. ఆ పుండుకు పసుపు పెట్టింది నేనే. ఒడ్డంతా వెతికి, దొరక్క తిరిగొస్తున్నాడు. అడుగు అడుగుకూ ఆగి, కాలితో గడ్డి పక్కకు తోసి చూస్తున్నాడు. వాడికీ భయంగానే ఉందని ఆ కాళ్లు చూస్తే తెలిసింది. నాకు జాలేసింది. ఆ జాలి ఇంకాసేపు ఉంటే నేను నోరు మూసుకుంటానని కూడా తెలిసింది.

ఫోన్ తీశాను. సంఘం అధ్యక్షుడు భీమప్ప మామ మొదటి రింగుకే ఎత్తాడు.

"మామా, ఈరేశు ఇంటికాడ ఇసుకలో క్యాపు ఉండాది. మా ఇంటెనక జాలిచెట్లలో బుట్టలో ఇంకా రెండుండాయి. పిల్లోళ్లను ఎవురినీ ఆ పక్కకు రానీయద్దు. పోలీసులకు ఫోన్ చెయ్యి. బేగ."

"క్యాపా? ఎవురిది మే?"

పుట్టి పది అడుగుల దూరానికి వచ్చింది. నా గొంతు విని ఉంటాడు, కాళ్లు ఆగిపోయాయి. పుట్టి మాత్రం దించలేదు. దాని చీకట్లోనే నిలబడ్డాడు. పక్కన ఈరేశ్ పాపను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఓబులేషుది" అన్నాను.

 నేను మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం భీమప్ప మామ ఎన్నడూ వినలేదు, ఆ ఊళ్లో ఎవరూ వినలేదు.

"ఏ ఓబులేషు?" అన్నాడు మెల్లగా, నాకు మాట మార్చుకోవడానికి సందు ఇస్తున్నట్టుగా.

మా ఊళ్లో ఓబులేష్ అనేవాడు ఒక్కడే.

"మా ఇంటాయన మామా" అన్నాను. "ఈడనే ఉండాడు. నువ్వొచ్చేదాకా నేను పట్టుకొనుంటా."

ఫోన్ పెట్టేసి, పోయి పుట్టి అంచు పట్టుకున్నాను. లోపల అతను ఏడుస్తున్నాడు. నేను వదల్లేదు.